బొమ్మ చూపించి అడగండి: నీకేం పని వచ్చు?



మా సోలాపూర్ తెలుగు సంఘంలో ఆదివారం పూట ఫారాలు నింపే పని నాది. ఉద్యోగం చేసినన్నాళ్లూ గుమాస్తాగా ఫారాలతోనే బతికాను. రిటైరయ్యాక కూడా అవి నన్ను వదల్లేదు. రేషన్ కార్డు, పెన్షన్, ఈ-శ్రమ్, ఏదో ఒక కాగితమో ఫోనో పట్టుకుని మనవాళ్లు వస్తూనే ఉంటారు.

ఈమధ్య ఒకావిడ వచ్చింది. నలభై లోపు వయసు. చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకుంది, ఇప్పటికీ అదే పని. ఈమధ్య పని సరిగా దొరకడం లేదు, ఇంకేదైనా చూసుకోవాలంది. "నీకేం పని వచ్చమ్మా?" అని అడిగాను. "నాకేం రాదు కాకా. బీడీలు చేస్త, అంతే" అంది. అంతకుముందు ఎక్కడో నింపించుకున్న వివరాల్లో వృత్తి అన్నచోట 'కూలీ' అని ఉంది.

నేను అడిగిన ప్రశ్నే తప్పని ఆ రాత్రి అనిపించింది. 'ఏం పని వచ్చు' అని అడిగితే చదువుకున్నవాడు సర్టిఫికెట్ల పేర్లు చెబుతాడు. చదువు లేనివాళ్లు 'ఏమీ రాదు' అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చేతికి వచ్చిన పనికి నోట్లో పేరు ఉండదు, అంతే. దీనికి ఇతర దేశాల్లో ఒక పద్ధతి వాడుతున్నారు. మాటలతో అడగరు, బొమ్మలు చూపించి అడుగుతారు. దాంట్లో మనకు పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అన్నది మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను.

బొమ్మల పద్ధతి మన దేశానికి కొత్తేమీ కాదు. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మందే. అందుకే గుర్తులు పెట్టారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. అక్షరం రాని మా నాయనమ్మ లాంటివాళ్లు కూడా ఎవరినీ అడగకుండా ఓటు వేశారు. తనకేం కావాలో చెప్పడానికి అక్షరం అడ్డు రాకూడదన్నదే అందులోని న్యాయం. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు కూడా అదే న్యాయం వర్తించాలి.

ఉద్యోగ సలహాలో బొమ్మలు వాడటం అమెరికాలో ఎప్పుడో మొదలైంది. చదవడం రానివాళ్ల కోసం రాల్ఫ్ బెకర్ అనే ఆయన తయారుచేసిన పరీక్ష 1975లో వచ్చింది. మూడేసి బొమ్మలు ఒక వరుసలో చూపిస్తారు. ఒకదాంట్లో తోటపని, ఒకదాంట్లో వంట, ఇంకోదాంట్లో సామాన్లు మోయడం, ఇలా ఉంటాయి. 'ఈ మూడింటిలో నీకు నచ్చింది ఏది?' అని అడుగుతారు. అలా 55 వరుసలు అయ్యేసరికి ఆ మనిషి మనసు ఏ పని వైపు మొగ్గుతోందో తేలుతుంది. తర్వాత ఇదే తరహాలో 36 వరుసల బొమ్మలతో ఇంకో పరీక్ష కూడా వచ్చింది. పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. చదవడం, రాయడం అక్కర్లేదు.

వినడానికి బాగుంది. కానీ వలస వచ్చినవాడికి ఇది సగమే పనికొస్తుందని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లు సాంచా నడిపిన మనిషిని 'నీకు తోటపని ఇష్టమా, వంట ఇష్టమా' అని అడిగితే ఏం లాభం? పదో తరగతి పిల్లవాడికి అది మంచి ప్రశ్నే. పని పోయి, నెత్తిన ఇంటి అద్దె ఉన్నవాడికి కావలసింది వేరు. తనకు వచ్చిన పనిని ఎదుటివాళ్లు గుర్తించాలి, కాగితం మీద రాయాలి.

ఈ తేడాను జర్మనీవాళ్లు గ్రహించారు. 2015లో ఆ దేశానికి దాదాపు 9 లక్షల మంది శరణార్థులు వచ్చారు. సిరియా, అఫ్ఘానిస్తాన్, ఇరాక్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లలో మెకానిక్కులు, తాపీ మేస్త్రీలు, వంటవాళ్లు ఎందరో. చేతిలో పని ఉంది, సర్టిఫికెట్ లేదు, జర్మన్ భాష రాదు. అక్కడి ప్రభుత్వ ఉపాధి సంస్థ, బెర్టెల్స్‌మన్ ఫౌండేషన్ కలిసి 'మైస్కిల్స్' అనే పరీక్షను 2018 నాటికి వాడకంలోకి తెచ్చాయి. 30 వృత్తులు, 6 భాషలు. జర్మన్, ఇంగ్లీషుతో పాటు అరబిక్, ఫార్సీ, టర్కిష్, రష్యన్ కూడా ఉండేవి. కంప్యూటర్ మీద ఫొటోలు, చిన్న వీడియోలు చూపించి, పనిలో ఎదురయ్యే సంగతులే అడిగేవారు. వరుసలో తర్వాత చేయాల్సింది ఏది? ఈ వీడియోలో పనివాడు చేసిన తప్పేమిటి? పరీక్షకు దాదాపు నాలుగు గంటలు పట్టేది. ఆ తర్వాత ఉపాధి సంస్థ అధికారి కూర్చుని ఫలితాన్ని ఆ మనిషితో మాట్లాడేవాడు.

గమనించండి. మొదటి రకం బొమ్మ 'నీకేం ఇష్టం?' అని అడుగుతుంది. రెండో రకం 'నీకేం వచ్చు?' అని అడుగుతుంది. మనవాళ్లకు కావలసింది ఈ రెండోదే.

అలాగని ఆ జర్మనీ బొమ్మల్నే తెచ్చి మన వీధిలో పరిస్తే పని జరగదు. బొమ్మ అందరికీ ఒకేలా అర్థమవుతుందని మనం అనుకుంటాం, కానీ కాదు. 1931, 1932లో అలెగ్జాండర్ లూరియా అనే రష్యా శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులకు నాలుగు బొమ్మలు చూపించాడు. రంపం, గొడ్డలి, సుత్తి, చెక్క దుంగ. వీటిలో ఇమడనిది ఏదో తీసేయమన్నాడు. బడికి వెళ్లినవాళ్లు 'దుంగ, ఎందుకంటే అది పనిముట్టు కాదు' అన్నారు. చదువు లేని రైతులు ఏదీ తీయడానికి ఒప్పుకోలేదు. కోయడానికి దుంగే లేకపోతే రంపం ఎందుకు, గొడ్డలి ఎందుకు అన్నది వాళ్ల వాదన. పరీక్ష లెక్కన అది తప్పు జవాబు. పని తెలిసినవాడి లెక్కన చూస్తే అందులో తప్పేముంది?

ఇంకో సంగతి. పైన చెప్పిన బెకర్ పరీక్షలో మొదట మగవాళ్లకు ఒక పుస్తకం, ఆడవాళ్లకు వేరే పుస్తకం ఉండేవి. 1981లో మార్చినప్పుడు రెండింటినీ కలిపారు. అంటే ఏ బొమ్మ ఎవరికి చూపించాలో ముందే ఎవరో తీర్మానించేశారు. మన దగ్గర కూడా ఆ ప్రమాదం ఉంది. ఆడపిల్ల ముందు కుట్టుమిషన్, అప్పడాలు, బ్యూటీ పార్లర్ బొమ్మలే పెడితే ఆమె వాటిల్లోనే ఒకటి ఎంచుకుంటుంది. చూపించని బొమ్మను ఎవరూ ఎంచుకోలేరు కదా.

ఇప్పుడు మన దేశం సంగతికి వస్తాను. కేంద్ర ప్రభుత్వం నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌ను 2015 జూలైలో, అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్‌ను 2021 ఆగస్టు 26న ప్రారంభించింది. ఈ-శ్రమ్‌లో 30 కోట్లకు పైగా పేర్లు నమోదయ్యాయి. 2025 జనవరి నుంచి అది 22 భాషల్లో ఉంది, తెలుగు కూడా అందులో ఉంది. సంతోషించవలసిన విషయమే. కానీ మన ఇళ్ల సంగతి మనకు తెలుసు. సోలాపూర్‌లో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. చదివేది మరాఠీలో. వాళ్ల అమ్మలకు తెలుగు మాట తప్ప ఏ అక్షరమూ రాదు. తెర మీద తెలుగు లిపి కనబడితే ఆ తల్లికీ ఉపయోగం లేదు, ఆ పిల్లకీ లేదు. బరంపురంలోనూ, హోసూరులోనూ, బళ్లారిలోనూ పరిస్థితి కొంచెం అటూ ఇటూగా ఇదేనని అనుకుంటున్నాను.

ఇక గుమాస్తాగా నాకు బాగా తెలిసిన విషయం, కాలమ్‌లో రాసే మాట. మన దేశంలో వృత్తులన్నిటికీ అంకెలు ఇచ్చిన జాబితా ఉంది, జాతీయ వృత్తుల వర్గీకరణ 2015. అందులో అంకె 9తో మొదలయ్యేవి సాధారణ కూలి పనులు. వాటిని మొదటి నైపుణ్య స్థాయి కింద లెక్కేస్తారు. 7తో మొదలయ్యేవి చేతివృత్తులు, 8తో మొదలయ్యేవి యంత్రాలు నడిపే పనులు. ఈ రెండూ రెండో నైపుణ్య స్థాయి. బీడీలు చుట్టే పని ఎక్కడ ఉందనుకున్నారు? పొగాకు వస్తువుల తయారీ కింద, 7516లో. సాంచా నడిపే పని 8152లో. అంటే ప్రభుత్వ జాబితా ప్రకారమే మా దగ్గరికి వచ్చిన ఆవిడ నైపుణ్యం ఉన్న పనిమనిషి. 'కూలీ' అని రాసినవాళ్లు ఒక్క మాటతో ఆమెను ఒక మెట్టు దించారు. వాళ్లది దురుద్దేశం కాకపోవచ్చు, బయట వరుస పెద్దదై ఉంటుంది. కానీ రేపు ఏ శిక్షణకో, పనికో పేర్లు తీసేటప్పుడు కంప్యూటర్ ఆ మాటనే చూస్తుంది.

అందుకే మేం ఒక చిన్న ప్రయత్నం మొదలుపెట్టాం. పెద్ద ఖర్చేమీ లేదు. సంఘంలో ఫోను బాగా వాడే ఇద్దరు కుర్రాళ్లు మన వీధుల్లో పనులు ఫొటోలు తీశారు, పనిచేసేవాళ్ల అనుమతితోనే. మొత్తం పని ఒకే ఫొటోగా కాకుండా, పనిలో ప్రతి అంచెకూ ఒక ఫొటో. బీడీ పనికి తునికాకు తడపడం, అచ్చు పెట్టి కత్తెరతో కోయడం, తంబాకు సరిపడా వేయడం, చుట్టి దారం కట్టడం, చివర మడవడం, 25 లెక్కన కట్ట కట్టడం, బాగాలేనివి ఏరేయడం. మగ్గం పనికి కండెలు చుట్టడం, పడుగు ఎక్కించడం, తెగిన పోగు అతకడం, బట్టలో లోపం పట్టుకోవడం.

అదే ఆవిడను మళ్లీ పిలిచి ఈ కార్డులు ముందు పెట్టాం. 'వచ్చినవి ఒక పక్క, రానివి ఒక పక్క పెట్టమ్మా' అన్నాం. మొదట నవ్వింది. తర్వాత ఒక్కో కార్డు తీస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. ఆకు ఎంత తడపాలి, ఎక్కువ తడిస్తే ఏమవుతుంది, కార్ఖానాలో ఎలాంటి బీడీలు వెనక్కి కొడతారు, తన పక్కింటి పిల్లలకు తనెలా నేర్పింది. 'ఏమీ రాదు' అన్న మనిషి గంటసేపు మాట్లాడింది. చేతి వేగం, కొలత, లెక్క, తప్పు పట్టే కన్ను, నేర్పే ఓపిక. ఇవన్నీ మా కాగితం మీదికి వచ్చాయి. మా ఊళ్లో యూనిఫాంలు కుట్టే యూనిట్లలో తయారైన బట్ట పరీక్షించే పని ఉంటుంది. ఆ పని అడగవచ్చని ఆమెకు అంతకుముందు తోచలేదు. ఆ పని దొరికిందని చెప్పను, ఇంకా దొరకలేదు. అడగడానికి మాత్రం వెళ్లింది, తనకేం వచ్చో చెప్పగలిగింది.

ఈ కొద్ది అనుభవంతో మూడు మాటలు చెబుతాను. మొదటిది, బొమ్మ మన వీధి పనిదే కావాలి. ఎక్కడిదో ఫ్యాక్టరీ బొమ్మ పెడితే మనవాళ్లు 'మాకు రాదు' అంటారు. రెండోది, పక్కన మన మాట మాట్లాడే మనిషి కూర్చోవాలి. బొమ్మ మాట తెప్పిస్తుంది, ఆ మాట వినేవాళ్లు లేకపోతే అంతా వృథా. జర్మనీలో కూడా పరీక్ష అయ్యాక మనిషే కూర్చుని మాట్లాడాడని మరిచిపోవద్దు. మూడోది, బొమ్మలు చూసి 'నువ్వు ఈ పనికే తగుదువు' అని మనం తీర్పు చెప్పకూడదు. కార్డులు అక్కడే ఉంటాయి, ఎంచుకునేది వాళ్లు. అక్కడ కాంట్రాక్టరును మాత్రం కూర్చోనివ్వకండి.

బొమ్మల కార్డు ఉద్యోగాలు పుట్టించదు, కూలి రేటు పెంచదు. అవి ప్రభుత్వం, యజమానులు చేయాల్సిన పనులు, వాటికోసం అడిగేది వేరే అడగాలి. కానీ నేర్చుకున్న పనికి గుర్తింపు ఇచ్చే ఆర్‌పీఎల్ పథకం కౌశల్ వికాస్ యోజనలో ఉంది. కొత్తగా నేర్పడం కాదు, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. దానికి వెళ్లాలన్నా ముందు తనకేం వచ్చో మనిషికి తెలియాలి.

మనం కూడా ఒకప్పుడు వలస వచ్చినవాళ్లమే. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని పట్టుకుని మా పెద్దలు సోలాపూర్ వచ్చారు. వాళ్ల పనిని ఈ ఊరు గుర్తించింది కాబట్టి మనం ఈరోజు సంఘాలు పెట్టుకుని కూర్చున్నాం. ఇప్పుడు బరంపురం చుట్టుపక్కల నుంచి గంజాం జిల్లా కుర్రాళ్లు సూరత్ సాంచాలకు వెళ్తున్నారు. కోలార్ గనులు 2001లో మూతపడ్డాక ఆ గని కార్మికుల పిల్లలు రైలెక్కి బెంగళూరు పనికి పోతున్నారు. అక్కడ ఉన్న మన సంఘాలవాళ్లు మీ ఊరి పనులతో మీ కార్డులు మీరు చేసుకోండి. ఉగాదికి, కార్తీక వనభోజనాలకు ఎలాగూ కలుస్తాం. అప్పుడు ఒక బల్ల వేసి ఈ కార్డులు పెడితే చాలు, ఎవరూ చిన్నబోరు.

ఇంట్లో ఫారం నింపించుకోవాల్సినవాళ్లు ఉంటే ఒక్కటి చేయండి. వృత్తి కాలమ్‌లో ఏం రాశారో అడిగి చదివించుకోండి. 'కూలీ' అని ఉంటే, నిజంగా చేసే పని పేరు రాయించండి. ఈ-శ్రమ్ వివరాల్లో మార్పులకు 14434, ఉద్యోగ పోర్టల్‌కు 1514 నంబర్లు ఉన్నాయి. సోలాపూర్‌లో ఉన్నవాళ్లు ఆదివారం సంఘం ఆఫీసుకు రండి. నేను అక్కడే ఉంటాను.