ఇల్లు దొరకిన పిదప

విజయవాడ రైల్వే ప్లాట్‌ఫారముపై బాల్యము గడపిన కుఱ్ఱవానికి 18వ యేట ఒక గది దొరకెననుకొందము. తాళపుచెవి చేతికి వచ్చినంతనే, పంచరు సొల్యూషను తడిపిన గుడ్డ వాని చేతినుండి జారిపోవునని మనలో పలువురి విశ్వాసము. అట్లు జారిపోదు. అప్పుడు మనకు కోపము వచ్చును. ‘ఇల్లిచ్చినను వీనికి బుద్ధి రాలేదు’ అందుము. లోపము వాని బుద్ధిలో లేదు, మన లెక్కలో నున్నది.

ఈ లెక్క అన్యదేశములందును తప్పినదే. 1992లో న్యూయార్కు నగరమున శామ్ సెంబెరిస్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, మత్తు మానినవారికే ఇల్లను పాతపద్ధతిని త్రోసిపుచ్చి, వీధిని బ్రతుకువారికి ముందుగా ఇల్లే యిచ్చుట కారంభించెను. అది మంచిపనియే, పెక్కురు ఆ యిండ్లను నిలుపుకొనిరి. కాని పాతపద్ధతివారితో పోల్చిచూచినపుడు, మత్తు వాడుకలో చెప్పదగిన భేదము కానరాలేదు.

ఏల యనగా, ఆ గుడ్డ ఒంటరిగా పీల్చునది కాదు. ఒకడు పీల్చి ప్రక్కవాని కందించును. అది ఆకలిని, చలిని, లాఠీదెబ్బను కొంతసేపు మఱపించును. అంతకంటె ముఖ్యముగా, ఆ గుంపులో వానికొక చోటునిచ్చును. జ్వరము వచ్చినపుడు టీ తెచ్చి త్రాగించినవాడు ఆ గుంపులోనివాడే. క్రొత్తగదిలో మొదటిరాత్రి పలుకరించువా డెవ్వడు? చీకటి పడగానే వాడు మరల స్టేషనుదారి పట్టును. ఆ స్నేహితులను విడువుమని బోధించుట తేలిక. బదులుగా నెవరి నిత్తుము?

ఇది కొలదిమంది గొడవ కాదు. 2019లో ప్రకటితమైన కేంద్రప్రభుత్వపు సర్వే ప్రకారము, పీల్చు మత్తుపదార్థముల వాడుక పెద్దలలో నూటికి 0.58 కాగా పిల్లలలో 1.17. మఱి యే మత్తునందును పిల్లలు పెద్దలను మించలేదు. నాటి పిల్లలలో ననేకులు నేడు యువకులు.

చట్టమేమనుచున్నది? 2015నాటి బాలన్యాయచట్టము 46వ సెక్షను, 18 ఏండ్లు నిండి సంరక్షణాలయమును వీడువారికి ధనసహాయము ‘చేయవచ్చును’ అనుచున్నది, ‘చేయవలెను’ అనలేదు. ఈ రెండు మాటల నడుమ నెంత యెడమున్నదో న్యాయవాదులకు తెలియును. ఆ పిదపటి సంరక్షణయు సామాన్యముగా 21వ యేట ముగియును. (మన యిండ్లలో ఆ వయస్సు కుమారుడు ఇంకను కాలేజిఫీజునకు తండ్రి చేయి చూచుచునే యుండును!) 1985నాటి మాదకద్రవ్యముల చట్టములో, తానై చికిత్సకు వచ్చిన వ్యసనపరుని వాడుకనేరపు విచారణనుండి తప్పించు 64ఏ సెక్షను కలదు, ఆ మాట వాని చెవిని వేయువారు అరుదు.

ధనముకంటె మనుష్యులను సమకూర్చుట కష్టము. చికిత్సాలయమునుండి వచ్చినవానిని మరల అదే సందులో దింపినచో ఔషధమేమి చేయును? వానికొక పని, పేరుపెట్టి పిలుచు మేస్త్రి, ఆదివారము భోజనమునకు రమ్మను కుటుంబము, మానివేసిన యీడువాడొకడు కావలెను. పాతమిత్రులందఱును శత్రువులు కారు. వారిలో మత్తు ముట్టనివాడున్నచో వానిని దూరము చేయరాదు. పఠనాలయమున మన ప్రక్కకుర్చీలో వాడు కూర్చున్నపుడు మనము లేచిపోకుండుటయు సహాయమే.

నే నెఱిగిన యొక యువకుడు అచ్చుకూటమున పనిచేయుచున్నాడు. జీతమందు సాయంకాలమే వానికి గండము. ఆ దినమున అచటి బైండరు వానిని తనయింటికి తీసికొనిపోయి అన్నము పెట్టును. గతసంవత్సరము వాడు రెండుమార్లు తప్పెను. గది వానిదిగానే యుండెను. బైండరు పిలుచుట మానలేదు.