ఆ మూడు వందలూ చేత్తో రాయండి!

చైనీస్ నేర్చుకుందామని అనుకుంటున్నారా? మంచి ఆలోచనే. అయితే క్లాసులో చేరిన మొదటి వారంలోనే మీకో సందేహం వస్తుంది. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో పిన్‌యిన్ కొడితే చైనీస్ అక్షరం దానంతటదే వచ్చేస్తుంది కదా, గళ్ల పుస్తకంలో గీతలు దిద్దుతూ కూర్చోవడం దేనికి?

సందేహం సబబైనదే. చైనాలోనూ ఇప్పుడు ఆఫీసు పనంతా కీబోర్డు మీదే. పెన్ను పట్టుకోగానే అక్షరం మరిచిపోవడం గురించి చైనీయులకు ఏకంగా ఓ నానుడే ఉంది. చైనీస్ ప్రావీణ్య పరీక్ష హెచ్‌ఎస్‌కేని కంప్యూటర్‌లో రాస్తే జవాబులు టైప్ చేస్తే చాలు. కాబట్టి పరీక్ష పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టడం మా ఉద్దేశం కాదు.

అయినా రాయమనే చెబుతాం. ఎందుకంటే గీతల వరుస తెలియకపోతే అక్షరం మీకు బొమ్మలాగే మిగిలిపోతుంది. బొమ్మలు పది గుర్తుంటాయి, యాభై గుర్తుంటాయి. ఆ తర్వాత అన్నీ కలగాపులగమే. ‘మట్టి’, ‘పండితుడు’ అనే రెండు అక్షరాలకూ గీతలు అవే మూడు. కింది అడ్డగీత పొడవైతే మట్టి, పై గీత పొడవైతే పండితుడు. కళ్లతో చూసి వదిలేసేవారు ఇక్కడే బోల్తా పడతారు. చేత్తో రాసినవారికి తేడా వేళ్లకే తెలుస్తుంది.

ఇంకోటి. తెలియని అక్షరం ఎదురైతే ఎలా పలకాలో తెలియదు, కాబట్టి పిన్‌యిన్ కొట్టలేరు. అప్పుడు నిఘంటువులో గీతల లెక్కతోనే వెతకాలి. ‘నోరు’ అనే అక్షరం చిన్న చతురస్రం. మనం నాలుగు గీతలు అంటాం. చైనీస్ లెక్కలో మూడే! పై గీత, కుడి గీత కలిపి పెన్ను ఎత్తకుండా ఒకేసారి గీస్తారు. లెక్క తప్పితే పేజీ తప్పినట్టే. పైగా చైనీయులు వేగంగా రాసేటప్పుడు గీతలన్నీ కలిసిపోతాయి. ఏ గీత తర్వాత ఏది వస్తుందో తెలిసినవారికే ఆ చేతిరాత అర్థమవుతుంది.

సూత్రాలు బెదిరిపోయేన్ని ఏం లేవు. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. అడ్డగీత ముందు, దాన్ని ఖండించే నిలువు గీత తర్వాత. మధ్యలో గీత ఉండి రెండు పక్కలా చిన్నవి ఉంటే మధ్యది ముందు. ‘చిన్న’ అనే అక్షరం అలాంటిదే. ‘దేశం’ లాంటి పెట్టె అక్షరాల్లో బయటి గోడలు ముందు, లోపలిది తర్వాత, కింది గీత అన్నిటికన్నా చివర. ఇంట్లోకి వెళ్లాకే కదా తలుపు వేసుకుంటాం! కొన్ని మినహాయింపులున్నా, వీటితోనే చాలా అక్షరాలు లొంగుతాయి.

ఓ జాగ్రత్త. ‘రాజు’ అనే అక్షరంలో నిలువు గీతను చైనాలో మూడోదిగా గీస్తే, జపాన్‌లో రెండోదిగా గీస్తారు. తైవాన్‌లో చాలా అక్షరాల రూపమే వేరు, అక్కడ పాత సంప్రదాయ లిపి వాడతారు. కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీ పెట్టిన ఫాక్స్‌కాన్ తైవాన్ కంపెనీయే. మీ గురి ఎటో ముందే తేల్చుకోండి. యూట్యూబ్‌లో కనిపించిన ప్రతి వీడియో చూసి చేతికి రెండు రకాల అలవాటు చేయకండి.

మరి ఎన్ని రాయాలి? చైనా 2021లో ప్రకటించిన ప్రమాణాల్లోనే దీనికి జవాబుంది. చదివి గుర్తుపట్టాల్సినవి మొత్తం 3,000 అక్షరాలైతే, చేత్తో రాయాల్సినవి 1,200. తొలి దశలో 300 మాత్రమే. రోజుకు ఐదు చొప్పున వేసుకున్నా రెండు నెలల పని. పైకి పలుకుతూ రాయండి, మర్నాడు పొద్దున్నే చూడకుండా రాసి సరిచూసుకోండి. ఖర్చు ఓ గళ్ల నోటుబుక్కు, పెన్సిలు. మిగిలినవి టైప్ చేసుకోండి, ఎవరూ తప్పుపట్టరు.

చేతిరాత ఒక్కటే ఉద్యోగం ఇప్పిస్తుందని మేం అనడం లేదు. మాట్లాడటం రావాలి, మీ సబ్జెక్టులో పట్టుండాలి. కానీ ‘మూడు నెలల్లో చైనీస్, రాయాల్సిన పనే లేదు’ అంటూ వేలకు వేలు ఫీజు అడిగేవారి దగ్గర ఒక్క క్షణం ఆగండి. మొదటి వారంలో గీతల వరుస దిద్దిస్తారా అని అడగండి. తప్పు వరుస ఒకసారి చేతికి అలవాటైతే తర్వాత వదిలించుకోవడం మహా కష్టం.

కోచింగ్ దొరికేదాకా ఆగక్కర్లేదు. ‘పది’ అనే అక్షరం అచ్చం మన కూడిక గుర్తులా ఉంటుంది. ఇవాళే దాంతో మొదలుపెట్టండి. గుర్తుందిగా, అడ్డగీత ముందు!