మస్టర్ రోల్ పరాయి సొత్తు కాదు

ఉరవకొండ వైపు పల్లెల్లో ఉపాధి పనుల మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేర్లెన్ని, పనిలో మనుషులెందరు అని ఎవరైనా అడిగితే మొదట ఎదురయ్యే మాట ‘నీకెందుకప్పా?’. ఇంకాస్త ముదిరితే అధికప్రసంగి అంటారు. ఇంగ్లిషులో దీనికి దగ్గరి మాట బిజీబాడీ. పదహారో శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న ఆ మాటలో బాడీ అంటే దేహం కాదు, మనిషి. 1611 నాటి ఇంగ్లిషు బైబిల్లో, పేతురు మొదటి పత్రికలో, ఒక గ్రీకు పదానికి దీన్ని వాడారు. ఆ గ్రీకు పదాన్ని విడదీస్తే ‘పరాయివాటి మీద పర్యవేక్షకుడు’ అని వస్తుంది. బిషప్ అన్న మాట పుట్టింది కూడా అందులోని ‘పర్యవేక్షకుడు’ నుంచే. అంటే కనిపెట్టి చూడడం గౌరవమైన కొలువే, తప్పంతా ‘పరాయి’ అన్న ముక్కలో ఉంది. కాబట్టి ఎవరినైనా ఆ మాట అనేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: అడుగుతున్నది ఎవరి సొత్తు గురించి?

వాన మొహం చాటేసే ఈ అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. చెనిక్కాయ పంట ఎండితే మూటాముల్లె కట్టుకుని బెంగళూరుకు వలసపోయే సీమలో ఆ కూలి డబ్బుతోనే పొయ్యి వెలిగే ఇళ్లున్నాయి. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకే అప్పగించింది. మస్టర్లు, బిల్లులు, వోచర్లు దాని ముందు పెట్టాలంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ ప్రకారం అడిగేవారు కారణం చెప్పనక్కర్లేదు. ‘నీకెందుకు?’ అనే వీలు అధికారికి లేకుండా చేసింది చట్టమే. అంతకు చాలా ముందే, పశ్చిమగోదావరిలో ఒక ఆరోగ్య కేంద్రం ధర్మాజీగూడెంలోనా లింగపాలెంలోనా అన్న తగాదాలో గద్దె వెంకటేశ్వరరావు కోర్టుకెక్కారు. సొంతంగా నీకు పోయిందేమిటన్న ప్రశ్న వచ్చింది. ఊరి తరఫున చందాలు పోగుచేసిన కమిటీకి అధ్యక్షుడిగా ఆయనకు అడిగే అర్హత ఉందని 1960ల్లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసింది కోకా సుబ్బారావు. చివరికి కేసు గెలవకపోయినా ఆ అర్హత మాత్రం నిలిచింది.

దరఖాస్తు పెట్టి, బెదిరించి డబ్బు గుంజేవాళ్లు లేరా అంటారు. ఉన్నారు, వాళ్ల మీద కేసు పెట్టాల్సిందే. కానీ ఆ బేరం సాగేది కాగితం దాచిన చోటే. లెక్క గ్రామసభలో చదివేశాక బెదిరించడానికి మిగిలేదేముంది? ఇంటింటి గుట్టూ బజారున పడుతుందన్న భయం ఇంతకంటే బరువైనది. వ్యక్తిగత సమాచారానికి రక్షణ కావాల్సిందే, అందుకే సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్‌లో మినహాయింపు పెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో తవ్విన ఫారంపాండ్ కొలతలు మాత్రం ఎవరి ఇంటి గుట్టూ కాదు. ఎవరి పిల్ల ఎవరిని పెళ్లాడింది, ఎన్నింటికి ఇల్లు చేరింది అని ఆరా తీసేవాణ్ని పెద్దమనిషిగా రచ్చకట్ట మీద కూర్చోబెడతాం. దొంగ మస్టర్ల గురించి అడిగిన కూలితల్లి నోరు మాత్రం మూయిస్తాం. బిజీబాడీ అన్న మాట అచ్చంగా అతికేది ఆ పెద్దమనిషికే. ఆమెకు ఇవ్వాల్సింది గ్రామసభలో ముందు వరుసలో చోటు, ఆమె అడిగిన మస్టర్‌లోని పేర్లు ఒక్కొక్కటీ చదివి వినిపించే ఒక గొంతు.