టాంకు లోపలి రబ్బరు – ఊరికి కాపుదల

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని మన పెద్దలకు తెలుసు. ఇంట్లో పాటించిన ఈ జాగ్రత్త కర్మాగారాల ఆమ్లం టాంకుల విషయంలో ఏ మేరకు పాటిస్తున్నారని పల్లె ప్రజలు అడగవలసిన అవసరం ఎంతైనా ఉంది.

విశాఖపట్నం, కాకినాడ ఎరువుల కర్మాగారాల్లో డి.ఎ.పి. తయారుకు ఫాస్ఫారిక్ ఆమ్లం కావాలి. రసాయన కర్మాగారాల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకం ఎక్కువ. ఈ రెండూ ఇనుమును తినేస్తాయి. కనుకనే ఇనుప టాంకులకు, గొట్టాలకు లోపల రబ్బరు లైనింగు వేస్తారు. ముందు తుప్పు పూర్తిగా వదలగొట్టి, జిగురు పూసి, సాధారణంగా 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం గల రబ్బరు షీట్లు పరిచి, గాలి బుడగ లేకుండా రోలరుతో ఒత్తి, ఆవిరితో ఉడికిస్తారు. సైకిలు షాపులో ట్యూబును గీకి, సొల్యూషన్ రాసి ప్యాచీ వేయడం వంటిదే ఇది. గీకకుండా వేసిన ప్యాచీ ఎన్నాళ్లుంటుందో అందరికీ తెలుసు.

పని పూర్తయ్యాక విద్యుత్ పరికరంతో లోపలంతా తడిమి చూడాలి. సూదిమొనంత రంధ్రం ఉన్నా అక్కడ నిప్పురవ్వ ఎగురుతుంది. ఆ రంధ్రాన్ని వదిలేస్తే ఆమ్లం రబ్బరు వెనుక చేరి ఇనుమును తొలుస్తుంది. పైకి ఏమీ కనపడదు. ఆమ్లం, ఇనుము కలిసినచోట మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కారుతున్నదని తొందరపడి బయటినుంచి వెల్డింగు పెడితే రబ్బరు కాలిపోవడమే గాక టాంకు పేలే ప్రమాదమూ ఉంది. ఆ పనికి వెళ్లేది తరచు మన ఊళ్ల కుర్రవాళ్లే.

రబ్బరు అన్నింటికీ పనికిరాదు. నత్రికామ్లం దానిని పాడుచేస్తుంది. గాఢ గంధకామ్లాన్ని మామూలు ఉక్కు టాంకులోనే నిల్వ చేస్తారు. అందువల్ల ఏ టాంకులో ఏ ఆమ్లం ఉన్నదో తెలియడం ముఖ్యం.

లైనింగు మార్చాలంటే ఖర్చవుతుంది, పని ఆపవలసి వస్తుందని యాజమాన్యాలు అనవచ్చు. కాని టాంకు కారితే ఆ ఖర్చు మన బావుల మీద, పొలాల మీద పడుతుంది. ఇది న్యాయం కాదు.

1984లో భోపాల్ ఘోరం జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన కర్మాగారాలు తమ ప్రమాదాల వివరాలను కార్మికులకే గాక స్థానిక సంస్థలకు, చుట్టుపక్కల ప్రజలకు కూడా తెలపాలని చేర్చారు. దానిని కాగితాలకే పరిమితం చేయరాదు.

టాంకులో ఏముంది, లైనింగు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, కారితే ఆమ్లాన్ని ఆపే గోడ చుట్టూ ఉందా అన్న మూడు సంగతులను కర్మాగారాల పక్కనున్న పంచాయతీలు రాతమూలకంగా అడగాలి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్లు ఆ జవాబులను గ్రామసభలో చదివించాలి. టాంకుకు బయట వేసిన రంగు చూసి తృప్తి పడితే చాలదు. పైన పటారం, లోన లొటారం అయితే కష్టం ఊరి ప్రజలకే.