విరామ వేళ : చీరకు చీటీ, చిత్రానికి కోవ



మా మేనకోడలి పెళ్ళికి పెట్టుబడి చీరలు కొనవలసి వచ్చి, గత మాసంలో నేనూ మా శ్రీమతీ సూరత్ రింగ్ రోడ్డుకు వెళ్ళాము. ఆ రోడ్డును చూడని పాఠకుల కోసం రెండు మాటలు. సహారా దర్వాజా పరిసరాలలో బారులు తీరిన బహుళ అంతస్తుల వస్త్ర మార్కెట్లు, ఒక్కొక్క భవనంలో వందలాది దుకాణాలు, మెట్ల మీదా నడవల్లోనూ మనుషుల తలల మీదా గుడ్డ మూటలు. మన జిల్లాల్లోని చిన్న ఊరి కొట్టులో కనబడే సింథటిక్ చీర సైతం ఈ వీధి గుండానే వచ్చి ఉండడానికి అవకాశం ఎక్కువ.

మాకు తోడుగా ఒక మిత్రులు వచ్చారు. సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలి. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పనిని నమ్ముకొని ఈ నగరానికి తరలివచ్చిన వేలాది కుటుంబాలలో వారిదొకటి. లింబాయత్‌లో కాపురం, ముప్పై ఏళ్ళుగా మరమగ్గాల మీద జీవనం. గుడ్డను వేలికొసలతో తాకి దాని వంశవృక్షం చెప్పగలరు.

దుకాణదారు మాకు వెంటనే ఒక్క చీరైనా విప్పి చూపలేదు. మూడు ప్రశ్నలు వేశాడు. ఎవరికి? ఏ సందర్భానికి? ఎంతలో? మేము సమాధానం చెప్పిన తరువాత, అంత పెద్ద కొట్టులో కేవలం రెండు అరల వైపు వేలు చూపాడు. అరలోని ప్రతి కట్టకూ ఒక చీటీ ఉన్నది. దాని మీద గుడ్డ రకం, డిజైను సంఖ్య, పొడవు. మా మిత్రులు ఆ చీటీని చూపుతూ, "సారూ, ఈ బజారంత చీటీ మీదనే నడుస్తది. పైన ఒకటి రాసి లోపల ఇంకోటి పెడితే మాలు వాపస్ వస్తది. రెండోసారి ఆ పేరు చూసి ఎవ్వడూ కొనడు" అన్నారు.

ఆ మాట వినగానే నేను తల దించుకున్నాను. ఎందుకో చివరలో మనవి చేస్తాను. ముందుగా ఆ మాటను సినిమాకు అన్వయించి చూద్దాం.

రింగ్ రోడ్డుకూ తెలుగు సినిమాకూ చుట్టరికం లేకపోలేదు. 2021 డిసెంబరులో 'పుష్ప' విడుదలై దేశమంతటా ఆడిన తరువాత, ఆ చిత్రంలోని బొమ్మలను చీరల మీద అచ్చు వేయించి సూరత్ వ్యాపారి ఒకరు అమ్మకానికి పెట్టిన సంగతి 2022 ఆరంభంలో వార్తలకెక్కింది. సినిమా పేరు చీరను అమ్మగలదు. మరి సినిమాను అమ్మేది ఏది? చీరను చేతితో తాకి, వెలుగులో పట్టి చూసి, నచ్చకపోతే పక్కన పెట్టవచ్చు. సినిమాకు ఆ సౌకర్యం లేదు. డబ్బు ముందు, సరుకు తరువాత. నచ్చలేదని టిక్కెట్టు వాపసు చేసిన థియేటరు నాకు తెలిసి లేదు. కనుక ప్రేక్షకుడు తన మూడు గంటలనూ, కుటుంబంతో వెళితే గణనీయమైన సొమ్మునూ ఒక్క చీటీని నమ్మి అప్పగిస్తున్నాడు. ఆ చీటీయే చిత్రం యొక్క 'కోవ'. నేటి యువతరం దీనినే 'జానర్' అంటున్నది.

ఇది కొత్త భావన కాదు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అనే నాలుగు పేర్లు మన పెద్దల నాలుకల మీద ఎన్నడో స్థిరపడినవి. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు ఆధారం సురభి నాటక సమాజం వారు ఆడుతూ వచ్చిన నాటకం. తెర మీద మనుషులు మాట్లాడడమే వింతగా ఉన్న రోజులలో కథ కూడా కొత్తదైతే ప్రేక్షకుడు తబ్బిబ్బయ్యేవాడు. తెలిసిన కథ అతనికి చేయూత అయినది. తరువాత కొద్ది సంవత్సరాలకే గూడవల్లి రామబ్రహ్మం గారు 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) చిత్రాలతో అస్పృశ్యతనూ, రైతుల కడగండ్లనూ తెర కెక్కించి, సాంఘికం అనే మాటకు బరువు కల్పించారు.

కోవ చేసే పని కేవలం పేరు పెట్టడం కాదు. ఏది నమ్మాలో, ఏది నమ్మనక్కరలేదో అది ముందుగానే తీర్మానిస్తుంది. విజయా వారి రెండు చిత్రాలను తీసుకోండి. 'పాతాళ భైరవి' (1951)లో ప్రతిమ ప్రత్యక్షమై కోరిన కోర్కె తీర్చితే, అదెట్లా సాధ్యమని ఎవరూ అడగలేదు. అది జానపదం. 'మిస్సమ్మ' (1955)లో ఉద్యోగం లేని ఇద్దరు, దంపతులమని అబద్ధమాడి పంతుళ్ళుగా చేరతారు. ఆ కష్టాల నడుమ ఒక భైరవి బొమ్మ ఊడిపడి వారికి ఉద్యోగాలిప్పిస్తే? అదే సంస్థ, అదే కథానాయకుడు, అదే రంగారావు గారు అయినా ప్రేక్షకులు లేచి వెళ్ళిపోయేవారు. జానపదంలో అద్భుతం న్యాయం. సాంఘికంలో అది మోసం. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుని మాయలకు మనం పసిపిల్లలమై నవ్వగలుగుతున్నామంటే, తెర లేవకముందే మనం ఆ ఒప్పందానికి సంతకం చేసి కూర్చున్నాము గనుకనే.

వృత్తిరీత్యా ఇంజనీరును కాబట్టి ఒక పోలిక చెప్పక తప్పదు. మనం 'ఎం 20' కాంక్రీటు అంటే, 28 రోజుల తరువాత పరీక్షలో చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడికి తట్టుకోవాలని కొనేవారికీ, కట్టేవారికీ ఒకేలా అర్థమవుతుంది. ఆ రెండు అక్షరాల వెనుక పేజీల కొద్దీ వివరణ దాగి ఉన్నది. కోవ కూడా అట్లాంటి సంక్షిప్త సంకేతమే. అయితే ఒక భేదం ఉన్నది. కాంక్రీటు ప్రమాణాన్ని అందుకుంటే చాలు. చిత్రం ప్రమాణాన్ని మాత్రమే అందుకొని ఊరుకుంటే అది పాత చిత్రానికి నకలు అవుతుంది. ప్రేక్షకుడు తనకు తెలిసినది కావాలంటాడు, చూసినదే చూడలేనంటాడు. నిర్మాత నెత్తిన ఉన్న చిక్కంతా ఇదే.

నిర్మాతకు కోవ పెట్టుబడి లెక్క కూడా. సెట్టులు ఎన్ని, ఆభరణాలు ఎన్ని, ఎన్ని రోజుల షూటింగు, ఏ ప్రాంతపు పంపిణీదారు ఎంత ఇస్తాడు అన్నవి కథ పూర్తి కాకముందే కోవను బట్టి అంచనాకు వస్తాయి. జానపద చిత్రాలకు మారుపేరైన విఠలాచార్య గారు వేసిన సెట్టునే మార్చి మార్చి వాడుకుంటూ, పరిమిత వ్యయంతో చిత్రం వెంట చిత్రం తీయగలిగారు. ఒకే కోవను నమ్ముకొని ఉండడం వల్లనే అది సాధ్యమైనది. మన పరిభాషలో చెప్పాలంటే ఒకే మూస మీద అనేక పోతలు.

కొత్త కోవను తెచ్చేవారి దారి వేరు. 1971లో కృష్ణ గారు పద్మాలయా సంస్థ ద్వారా 'మోసగాళ్ళకు మోసగాడు' నిర్మించినప్పుడు గుర్రాలు, తుపాకులు, ఎడారి అన్నీ పడమటి చిత్రాల సొత్తు. రాజస్థాన్ ఇసుకలో చిత్రీకరించి, ఆరుద్ర గారి రచనతో కథను ఈ నేలకు తెచ్చారు. మన జనం కౌబాయ్‌ని తమవాడిగా స్వీకరించారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' మరింత యుక్తి గలది. కాలయంత్రం తెలుగు ప్రేక్షకునికి కొత్త. అయితే ఆ యంత్రం మొదట చేర్చినది ఎక్కడికి? శ్రీకృష్ణదేవరాయల కొలువుకు! విజ్ఞాన కల్పన అనే తెలియని వాహనం ఎక్కించి, చారిత్రకం అనే తెలిసిన ఊళ్ళో దింపారు.

ఏ చీటీకీ ఒదగని చిత్రం పాట్లు ఎట్లా ఉంటాయో 'శంకరాభరణం' చెబుతుంది. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఆ చిత్రంలో పేరుమోసిన కథానాయకుడు లేడు. కథ ఒక వయోవృద్ధ సంగీత విద్వాంసునిది. తొలి రోజులలో హాళ్ళు పలుచగా ఉన్నాయి. చూసినవారు చూడనివారికి చెప్పగా చెప్పగా నిండాయి. ఆ తరువాత 'శంకరాభరణం లాంటి సినిమా' అనే మాటే ఒక కోవ అయి కూర్చున్నది. అంటే చీటీ లేని సరుకుకు ప్రేక్షకులే చీటీ రాశారన్న మాట.

చీటీకి మరో ముఖం కూడా ఉన్నది. 1999లో 'సమరసింహారెడ్డి' ఘనవిజయం తరువాత ఫ్యాక్షన్ చిత్రాలు వరుస కట్టాయి. తెల్ల చొక్కాలు, సుమోలు, పేలే బాంబులు. కొన్నేళ్ళకు జనానికి విసుగు పుట్టి ఆ వరద తగ్గినది గాని, ఈలోగా రాయలసీమ అనే విశాలమైన నేల, దాని సాహిత్యం, దాని కరవు, దాని మంచితనం అన్నీ ఒక పగ కథకు పర్యాయపదాలైపోయాయి. నిర్మాత చీటీని చిత్రానికి అంటించుకోవచ్చు, మనుషులకు అంటించరాదు. మన సంస్థలో పని చేస్తున్న ఆ ప్రాంతపు మిత్రులు ఈ బాధను నాతో పలుమార్లు పంచుకున్నారు.

కొందరు 'సెన్సారు వారి ధ్రువపత్రం ఉన్నది కదా, అది చాలదా?' అని అడగవచ్చు. చాలదు. యు, యుఏ, ఏ అనే అక్షరాలు చిత్రం ఏ వయసువారికి తగినదో చెబుతాయి. 2023లో చట్టాన్ని సవరించి యుఏ విభాగాన్ని 7, 13, 16 ఏళ్ళ అంచెలుగా విడదీశారు కూడా. కాని మనసు ఏ స్థితిలో ఉన్నవారికి అది తగినదో ఏ ధ్రువపత్రమూ చెప్పజాలదు. ఆ పని కోవ చేయాలి. దానిని నిజాయితీగా చెప్పేవారు చేయాలి.

ఇక నేను తల దించుకున్న సంగతి.

2023లో మా కాలనీ తెలుగు సంఘం తరఫున నెలకొక సినిమా ప్రదర్శించేవారము. చిత్రాన్ని ఎంపిక చేసి, నోటీసు రాయడం నా వంతు. ఆ ఏడాది మార్చి 3న విడుదలైన 'బలగం'ను ఎంచుకున్నాను. దర్శకుడు వేణు యెల్దండి గారు హాస్యనటుడిగా పేరున్నవారు. కథానాయకుడు ప్రియదర్శి గారు కూడా నవ్వించడంలో దిట్ట. పేర్లు చూసి, చిత్రం చూడకుండానే, 'కడుపుబ్బ నవ్వించే కుటుంబ చిత్రం, అందరూ రండి' అని రాసి బోర్డుకు అంటించాను. లింబాయత్‌లోని నేతకారుల కుటుంబాలను కూడా ఆహ్వానించాము. నేను పైన చెప్పిన మిత్రులూ వచ్చారు.

చూసినవారికి తెలుసు. మొదట నవ్వులున్నా, అది ఒక తాత మరణం చుట్టూ తిరిగే కథ. పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు; తెగిపోయిన రక్తసంబంధాలు అతుక్కుంటే తప్ప ఆ ఇంటికి శాంతి లేదు. తాత చనిపోయిన ఘట్టానికి మా మిత్రులు లేచి బయటికి వెళ్ళారు. కొంతసేపటికి నేనూ వెళ్ళాను. మెట్ల మీద కూర్చొని ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో రైళ్ళు నిలిచిపోయిన రోజులలో, వారి తండ్రి ఊళ్ళో కన్నుమూశారట. ఫోనులోనే ఆఖరి చూపు. పిట్టకు ముద్ద పెట్టే భాగ్యం కూడా లేకపోయింది.

"నవ్వుల సినిమా అని రాసిన్రు గద సారూ. ముందుగాల చెప్పుంటే మనసు గట్టి జేసుకొని వచ్చేటోణ్ణి" అన్నారు. 'వచ్చేవాణ్ణి కాదు' అనలేదు, గమనించండి. ప్రేక్షకుడు దుఃఖానికి భయపడడు. సన్నద్ధుడు కాకుండా దుఃఖం ఎదురైతే తట్టుకోలేడు. కోవ అనేది వినోదానికి వేసే లెక్క మాత్రమే కాదని, అది మనిషి పట్ల మర్యాద అని నాకు ఆ మెట్ల మీద బోధపడింది.

రెండు వారాల తరువాత అదే చిత్రాన్ని మరల వేశాము. ఈసారి పూర్తిగా చూసి నోటీసు రాశాను : 'ఇంటిపెద్ద మరణం, విడిపోయిన అన్నదమ్ములు, వారిని కలిపిన పదకొండు రోజులు. నవ్వు కొంత, కన్నీరు ఎక్కువ.' జనం తగ్గుతారని కమిటీలో కొందరు సందేహించారు. తగ్గలేదు. మా మిత్రులు భార్యనూ, తమ్ముణ్ణీ వెంటబెట్టుకొని వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. చివరి దాకా కదలలేదు. దీపాలు వెలిగాక కుర్చీలు సర్దడంలో మాకు సాయపడి, వెళ్ళబోతూ, "ఇయ్యాల మా నాయినకు పెట్టినట్టయింది సారూ" అన్నారు.

పల్లెల్లో జనం తెరలు కట్టుకొని, ఊరంతా ఒక్కచోట కూర్చొని ఆ చిత్రాన్ని చూసిన వార్తలు ఆ రోజులలోనే వచ్చాయి. ఎందుకు చూశారో నాకు విడమర్చి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

కనుక గృహిణులకూ, పెద్దలకూ, పిల్లలకూ ఒక మనవి. సినిమాకు బయలుదేరే ముందు 'హీరో ఎవరు?' అనే ప్రశ్నతో పాటు, ఆ రింగ్ రోడ్డు దుకాణదారు అడిగిన ప్రశ్నలు కూడా వేసుకోండి. ఎవరి కోసం? ఏ మనఃస్థితిలో? నిర్మాతలకు మన సంచిక చేరుతుందో లేదో తెలియదు గాని, చేరితే మా మిత్రుల మాటనే వారికీ విన్నవిస్తాను. చీటీ మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి పెట్టకండి. పెట్టిన సరుకు మంచిదే అయినా సరే.

మేనకోడలి పెళ్ళికి చీరలు కొన్నాము. చీటీలో ఏమున్నదో కట్టలోనూ అదే ఉన్నది. వచ్చే సంచికలో మరొక అంశంతో కలుసుకుందాం. అంతవరకు సెలవు.