హవల్దారుగారి తుపాకి



మా వీధి చివర హవల్దారుగారి యింటిలో వారి తల్లిగారి నాటి టేకు ఉయ్యాలబల్ల యొకటి వ్రేలాడుచుండెడిది. గడచిన చైత్రమాసమున అది మాయమయ్యెను. వసారాలో ఒట్టి కొక్కెములు మాత్రము మిగిలినవి. మామ్మగారి నడుగగా, "మీ తాతగారు దానిని తుపాకి చేయుచున్నారమ్మా" అని చెప్పి మరల చేట నందుకొనిరి. మేము పరిహాస మనుకొంటిమి. పెరటిలోనికి పోయి చూడగా ఎనుబదిరెండేండ్ల ఆ పెద్దలు తామే బల్లపై చిత్రిక పట్టుచుండిరి. కూలి కుదుర్చుకొని వచ్చిన వడ్రంగి ప్రక్కన చేతులు కట్టుకొని చూచుచుండెను. మనిషిని పిలిపించి పని తామే చేయుట ఆయన స్వభావము.

హవల్దారుగారు 1961లో సైన్యమున చేరిరి. మరుసటి యేట చైనాతో యుద్ధము వచ్చినప్పుడు, నేడు అరుణాచల ప్రదేశ్ అనబడు కొండలలో నుండిరి. అక్టోబరు 20న మొదలై నవంబరు 21న నిలిచిన ఆ యుద్ధమున మన కాలిబంట్ల చేత నున్నది 'త్రీ నాట్ త్రీ' తుపాకి. గొట్టపు లోపలి వెడల్పు అంగుళమున వేయింట 303 పాళ్లగుటచే దాని కా పేరు వచ్చినది. నమూనా ఆంగ్లేయులది, 1907 నాటిది. మన దేశమున హుగ్లీ యొడ్డున ఇషాపూరు కర్మాగారములో తయారయ్యెడిది. అది పది గుండ్లు పట్టును గాని, ఒక్కొక్కటి పేలిన పిమ్మట పిడి పైకెత్తి, వెనుకకు లాగి, ముందునకు త్రోసి, క్రిందికి దింపినగాని రెండవది పేలదు. ఎదుటి పక్షమువారిలో పెక్కుమందికి ఆ శ్రమ లేని తుపాకులుండెను. నూలుబట్టలతో మంచులో నిలిచినప్పుడు వ్రేళ్లు ఆ యినుప పిడికి అంటుకొనిపోయెడివని హవల్దారుగారు మాకు చెప్పుచుండగా, మామ్మగారు వంటింటి గుమ్మమున నిలిచి, "ఈ మాట నాకెన్నడును చెప్పలేదే" అనిరి.

బొమ్డిలా విడిచి వెనుదిరిగిన వారిలో ఆయన యొకరు. పదునొకండు దినములు అడవులబడి నడచి మైదానము చేరునప్పటికి ఒక కాలికే జోడు మిగిలినదట. తుపాకి మాత్రము భుజముననే యుండెనట. అచ్చట బల్ల వేసికొని కూర్చున్న అధికారి ముందుగా నడిగినది పేరు కాదు, తుపాకి మడమపై తెల్లరంగుతో వ్రాసియుండు నంబరు.

తరువాతి సంవత్సరములలో సైన్యమునకు క్రొత్త జాతి తుపాకులు వచ్చినవి. పాతదానిని ఆయుధశాలలో అప్పగించి, పుస్తకమున వ్రాలు చేసి, ఒట్టి చేతులతో వెలికి వచ్చితినని హవల్దారుగారు చెప్పిరి. మాకు మహాప్రస్థానమున అర్జునుడు జ్ఞప్తికి వచ్చెను. అన్నియు విడిచి బయలుదేరినవాడు గాండీవము నొక్కదానిని విడువలేక మోసికొని పోవుచుండగా, అగ్నిదేవుడే యెదురు నిలిచి యడిగినగాని దానిని నీటిలో వేయలేదు. మా చిన్ననాట తండ్రిగారు ఆ ఘట్టము చెప్పునప్పుడు, ధర్మరాజు తమ్ముడంతటివానికి ఒక వింటిపై ఇంత మమకారమేమని మేము నవ్వితిమి.

అయినను మేము మొదట సంతోషింపలేదు. మనుమలు తిరుగాడు నింట ఆయుధపు బొమ్మ యెందులకని మా యభిప్రాయము. అది విని హవల్దారుగారు గొట్టము కొన చూపిరి. దానికి రంధ్రము లేదు. ఇనుపగొట్టము పెట్టిన బాగుండునని వడ్రంగి యెంత చెప్పినను ఆయన ఒప్పుకొనలేదట. 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి సైన్యపు జాతి తుపాకి సామాన్యుల యింట నుండరాదు. అట్టిదని భ్రమ గొలుపునది వీధిలో త్రిప్పినను చిక్కులే. కనుక అది యిల్లు దాటరాదని మనుమలకు గట్టిగా చెప్పియున్నారు.

కొలతలన్నియు ఆయన చేతులలోనే యున్నవి. పొడవు మూడడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. అసలు తుపాకి కొయ్యభాగము నాలుగు ముక్కలుగా నుండును గనుక ఇదియు నాలుగు ముక్కలే. ఆకురాయి, ఉప్పుకాగితము పట్టి పట్టి నూనె రాయగా టేకు నిగనిగలాడినది. భుజమున నుంచుకొని, "ఇది కాదు" అని దింపివేసిరి. కిరాణాకొట్టు కాటాపై తూచగా కిలోన్నర మాత్రమే తూగినది. అసలుది రమారమి నాలుగు కిలోలు. చేపలవలకు కట్టు సీసపు గుండ్లు తెప్పించి, లోపల తొలిపించి నింపించిరి. ఈ పనికి వడ్రంగి చేయి అవసరపడినది. పాత మరచెంబు రేకుతో మడమకు చిన్న తలుపు కూడ అమర్చిరి. కుంకుమభరిణె మూతయంతటి ఆ తలుపు వెనుక నూనెసీసా, గొట్టము తుడుచు త్రాడు దాచుకొనెడివారట. తుడుపుగుడ్డ మామ్మగారి పాత చీరచెరగు. కొయ్యపిడి లాగినప్పుడు చప్పుడు రాదు. ఆ లోటు హవల్దారుగారు నాలుకతో తీర్చుకొనుచుండిరి.

ఇంత చేసి, మడమపై నంబరు వ్రాయబోవువేళ అది జ్ఞప్తికి రాలేదు. వారము దినములు తెల్లరంగు డబ్బా యెదుట కూర్చుండిరి. భోజనము కూడ సరిగా లేదు.

మేము వంటింట నుండగా మామ్మగారు మెల్లగా ననిరి: "నాకు తెలుసునమ్మా. రెండువందల పదిహేడు." 1966లో కాపురమునకు వచ్చినది మొదలు ఇరువది యేండ్లకు పైగా, అర్ధరాత్రివేళ ఆయన లేచి కూర్చుండి, ఆ సంఖ్య పలికి 'హాజిర్' అని కేకవేసెడివారట. తెల్లవారిన తరువాత ఆయనకేమియు తెలియదు. రాత్రి బాగుగా నిద్రపట్టినదా యని ఆయనయే యడిగిన, పట్టినదని ఈమె చెప్పుచు వచ్చిరి. అత్తగారు తాయెత్తు కట్టించిరి. యుద్ధమునుండి వచ్చినవారి యిట్టి బాధకు అమెరికా వైద్యులు 1980లో తమ వ్యాధుల పట్టికయందు వేరుగ నొక పేరు చేర్చిరి. ఆ మాట మా యూరికి చేరునప్పటికి హవల్దారుగారి కేకలే తగ్గినవి. ఇప్పుడు నంబరు చెప్పినచో ఇన్నేండ్ల అబద్ధము బయటపడునని మామ్మగారి సంకోచము. మేమేమియు చెప్పజాలకపోతిమి.

మరునాడు ఆయన పింఛను పనిమీద బ్యాంకునకు పోయినప్పుడు ఆమెయే కుంచె పట్టి 217 అని వ్రాసిరి. హవల్దారుగారు వచ్చి చూచి చాలసేపు నిలుచుండిరి. నీకెట్లు తెలియునని అడుగలేదు.

"చాల గట్టిగా అరచెడివాడనా?" అనిరి.

"పిల్లలు లేచెడివారు కారు" అని ఆమె కాళ్లకు నీళ్లిచ్చిరి.

ఇప్పుడా తుపాకి ఉయ్యాల కొక్కెములకే వ్రేలాడుచున్నది. క్రొత్త ఉయ్యాలబల్ల చేయించెదనని హవల్దారుగారు మాట యిచ్చిరి. వేపబల్ల చాలునని ఆయన, టేకే కావలెనని మామ్మగారు. ఈ సంచిక మీ చేతికి అందునప్పటికైనను తేలునేమో.