పొగ యెచ్చటికి పోవును?

నూనెకును నీటికిని పొత్తు కుదరదని మన యిండ్లలో చిన్నపిల్లలు సైత మెరుగుదురు. పాఠశాలలలోను ఆ మాట చెప్పియే పాఠమును ముగించుచున్నారు. గిన్నెలోని నూనెకు ఆ మాట చాలును. గాలిలోనికి పొగయై యెగసిన నూనెకు చాలదు. ఈ భేదమును మన విద్యార్థులు తప్పక నెరుగవలెనని మా యభిప్రాయము.

గాలిలో కంటికి కానరాని రేణువులు లెక్కకు మీరి యున్నవి. నీటియావిరి చల్లబడి మేఘబిందువగుటకు నేదో యొక రేణువు ఆధారముగా నుండవలెనని స్కాట్లండు దేశీయుడగు జాన్ ఎయిట్‌కెను 1880 ప్రాంతమున ప్రకటించెను. ఉప్పురేణువు నీటిని సులభముగా గ్రహించును. వానకాలమున మన యుప్పుజాడి చెమ్మగిల్లుటయే యిందుకు సాక్ష్యము. క్రొత్తగా వెడలిన మసియు, నూనెపొగయు నట్లు గ్రహింపవు. సముద్రపు నురుగునుండి లేచిన యుప్పురేణువులపై గూడ జలజీవుల క్రొవ్వుపదార్థము పలుచని పొరగా నేర్పడుట కలదు. ఆ పొరలోని యణువుల జిడ్డుకొనలు గాలివైపునకు తిరిగియుండి నీటిని దరిజేరనీయవు.

కాని యా పొర యట్లే నిలువదు. ఎండవేడిమిలో గాలియందు పుట్టు ఓజోను, హైడ్రాక్సిలు మొదలగునవి దానిని తాకి, అందు ఆమ్లజనిని చేర్చును. దీనినే ఆమ్లజనీకరణ మందురు. జిడ్డుపొర యిట్లు మారి నీటిని చేరనిచ్చునని 1999 సంవత్సరమున ఎల్లిసను, టక్కు, వైదా అను శాస్త్రజ్ఞులు వివరించిరి.

మన వేరుసెనగనూనెలో విశేషముగా నుండు ఒలీయిక్ ఆమ్లమును తీసికొందము. దాని యణువు 18 కర్బన పరమాణువుల గొలుసు. నట్టనడుమ నొక జంటబంధము కలదు. ఓజోను దానిని తెంపగా తొమ్మిదేసి పరమాణువుల చిన్న తునకలగును. వానిలో నొకటి చాలవరకు ఆవిరియై గాలిలో కలియును. తక్కినవాని కొనలయందు ఆమ్లజని చేరియుండుటచే నీటితో వానికి చుట్టరికము పెరుగును. ఇంతమాత్రమున నూనె ఉప్పగునని తలపరాదు. మార్పు మెల్లమెల్లగా జరుగును. అన్ని పొరలును ఒకే తీరున మారవు.

దీనివలన మేలును కలదు, కీడును కలదు. నీటిని గ్రహించు రేణువులను వాన కడిగి నేలకు దింపును, ఆకాశము శుభ్రపడును. అయితే నీటితో నుబ్బిన రేణువు వెలుతురును మరింత చెదరగొట్టును, దిక్కులు మసకబారును. రేణువులు మితిమీరినచో మేఘములోని నీరు పెక్కింటికి పంపకమై బిందువులు చిన్నవగును; చిన్న బిందువులు వానచినుకులుగా కూడుట కష్టము. కావున పొగ పైకిపోయి మాయమగుననుట వట్టిమాట. అది రూపము మార్చుకొని, మేఘములో పాలుగొని, తుదకు మన నేలకే చేరును.

ఇంతటి సూక్ష్మవిషయము ఉన్నత పాఠశాలలోని బాలబాలికలకేల యని కొంద రడుగవచ్చును. అది కష్టము కాదని మా ప్రత్యుత్తరము. ఒక గాజుపలకపై అవిసెనూనెను పలుచగా పూసి గాలి తగులునట్లుంచుడు. మరికొంత నూనెను చిన్న సీసానిండ పోసి బిరడా బిగించి యుంచుడు. కొన్ని దినములకు పలకమీది నూనె గట్టిపొర కట్టును. సీసాలోనిది నూనెగానే యుండును. ఆమ్లజని నూనెను మార్చునను సత్యము అప్పుడు కంటికే కనబడును. పుస్తకమున పదిమారులు చదివినదానికంటె ఒక్కమారు చూచినది మనసున నాటును.

తలిదండ్రులకును మా మనవి యొకటి కలదు. పెరటిలోని యాకులను, చెత్తను తగులబెట్టుట మానుడు. ఆకులను గుంటలో వేసి మన్ను కప్పినచో ఎరువగును. వాన కడుగునుగదా యని ఆకాశమును మురికి చేయుట, చాకలి యున్నాడుగదా యని బురదలో పొరలుట వంటిది.